గృహవిద్య: చూడని బిడ్డ వినుట లేదా?

కడచిన మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె కుమారునకు ఏడేండ్లు. ఆటిజము కలదని వైద్యులు నిర్ణయించిరట. వానికి మాటలు నేర్పు శిక్షకురాలు దూరపు పట్టణమున నుండుటచే వారమునకు మూడు దినములు ఫోనులోనే పాఠము జరుగుచున్నదట. “వాడు తెరవంక చూడనే చూడడు. పాఠము జరుగుచున్నంతసేపు గది నాలుగు మూలలకు తిరుగుచుండును. ఈ డబ్బంతయు నీటిపాలని మా వారనుచున్నారు. మానివేయుదునా?” అని ఆ తల్లి యడిగినారు.

తొందరపడి మానవలదని మా మనవి. ఏలయన ఈ ప్రశ్నయే కొన్నియేండ్ల క్రిందట మా యింటను పుట్టినది. అప్పుడు మేము చేసిన తప్పు మరియొక యింట జరుగకుండవలెనని ఈ నెల శీర్షికను దీనికే వినియోగించుచున్నాము.

ముందుగా ఆటిజమన నేమో రెండు మాటలు. ఇది అంటురోగము కాదు. పూర్వజన్మ పాపమును కాదు. మెదడు ఎదుగు తీరులో మొదటినుండియు నుండు ఒక భేదము. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదకొండుగురు పిల్లలను, ఎనమండుగురు బాలురను ముగ్గురు బాలికలను, పరిశీలించి దీనినిగూర్చి విపులముగా వ్రాసెను. 2021లో ప్రపంచమున ప్రతి 127 మందిలో ఒకరికి ఇది యుండెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ లెక్కన వేయిమంది చదువు పాఠశాలలో ఏడెనిమిదిమంది యుందురు. వీరిలో కొందరు అనర్గళముగా మాటలాడుదురు. కొందరికి ఒక్క మాటయు రాదు. ఒకరిని చూచి మరియొకరిని అంచనా కట్టుట పొరపాటు. కాని పెక్కుమందికి సామాన్యముగా గనబడు లక్షణములు కొన్ని కలవు. మనకు చిన్నదైన శబ్దము వారికి పిడుగు కావచ్చును. ఎదుటివారి కన్నులలోనికి చూచుట వారికి బాధాకరము కావచ్చును. ముందు చెప్పని మార్పు వారిని కలవరపెట్టును. మాటను ఉన్నదున్నట్లు గ్రహింతురు. మా అత్తగారు ఒకనాడు “ఒళ్ళు దగ్గర పెట్టుకొని చదువుమురా” యనగా మా బాలుడు రెండు చేతులతోను చొక్కాను దగ్గరకు లాగికొని కూర్చుండెను. వాడు వేళాకోళము చేయుచున్నాడని ఆమె కోపించినారు. వాడు చెప్పిన పనియే చేసెను గదా!

ఈ బాలుడు మా మరదిగారి కుమారుడు. మేమందరము ఒక్క యింటనే యుందుము. 2020 మార్చి నెలలో కరోనా కారణమున పాఠశాలలు మూతపడినప్పుడు వానికి తొమ్మిదేండ్లు. మాటలు తక్కువ. అక్కరకు రెండు మూడు పదములు పలుకును. కాని అక్షరములన్న ప్రాణము. అన్నిటికంటె పంచాంగమన్న మక్కువ. ఏ దినమున ఏ తిథి యెన్ని గంటలవరకు, వర్జ్యము ఎప్పటినుండి ఎప్పటివరకు, అన్నియు గోడమీది కాగితము చూడకయే చెప్పును. మా అత్తగారు పచ్చడి పెట్టుటకైనను ముందుగా వర్జ్యమెప్పుడని వానినే యడిగెడివారు.

కొన్ని నెలలకు వాని పాఠశాలవారు ఫోనులో తరగతులు మొదలిడిరి. తెరమీద ముప్పదియెనిమిది చిన్న గడులు, గడికొక మొగము. ఒకరి యింట కుక్కరు కూత, ఒకరి యింట కుక్క యరపు, మరియొకరి యింట టీవీ. అన్నియు కలిసి వాని చెవిలో పడెడివి. “అందరును కెమేరా తెరచి, నిటారుగా కూర్చుండి, నా వంక చూడవలెను” అని ఉపాధ్యాయిని నియమము. మా వాడు చెవులు మూసికొని గోడవంక తిరిగెను. తోడికోడలు వానిని త్రిప్పెను. వాడు మరల గోడవంక తిరిగెను. ఆమె వంటయింటిలో నున్న సమయమున ఆ పని మేము పైన వేసికొంటిమి. మేము చదువు గలవారమని, పెద్దమ్మ యన్న భయభక్తులున్నవని తలంచి, వాని గడ్డము పట్టుకొని మొగమును తెరవైపు త్రిప్పి అట్లే నిలిపితిమి. వాడు గింజుకొనెను. మేము విడువలేదు. తుదకు వాడు పెద్ద పెట్టున కేకవేసి, ఫోనును నేలగొట్టి, తన చేతిని తానే రక్తము వచ్చునట్లు కొరుకుకొనెను. ఆ పండ్ల గుర్తులు చూచినప్పటి మా మనస్సు నేమని చెప్పుదుము!

ఆ సాయంకాలమే పాఠశాలనుండి సందేశము వచ్చెను. బాలుని వలన తరగతికి భంగము కలుగుచున్నది గావున ఈ యేటికి మాన్పించుట మేలని దాని సారాంశము. మా అత్తగారు “నీవు చిన్నతనముననే ఫోను చేతికిచ్చి పిల్లవానిని పాడుచేసితివి” అని తోడికోడలిని నిందించిరి. ఆమె మారుమాటాడక లేచిపోయి దొడ్డిలో గిన్నెలు తోముచు ఏడ్చెను. పదునొకండు దినములు ఆ బాలుడు ఆ గది గడప తొక్కలేదు. మేము దగ్గరకు పోయిన గడ్డమును చేతులతో కప్పుకొనెడివాడు.

పండ్రెండవనాడొక వింత జరిగెను. మా వారు ఉపాధ్యాయులు. ప్రక్కగదిలో తమ శిష్యులకు ఫోనులో భిన్నములు చెప్పుచుండిరి. బాలుడు వసారాలో ఉయ్యాలబల్లకు వీపు తిప్పి గుండ్రముగా తిరుగుచుండెను. మధ్యాహ్నము వాడు బలపము తీసికొని వసారా నేలమీద, మా వారు ఉదయము చెప్పిన ఆరు లెక్కలును, జవాబులతో సహా, వరుస తప్పకుండ వ్రాసెను. అవి వాని తరగతికి మించిన లెక్కలు. మా వారు చాలసేపు ఆ నేలవంక చూచి, “హరికథ వినునప్పుడు మన తాతగారు కన్నులు మూసికొనెడివారు. నిద్రించుచున్నారని ఎవరైన అనిరా? వీడును అట్లే వినుచున్నాడు. మనమే వానిని విననీయక చూపించుచుంటిమి” అనిరి.

సోదరీమణులారా, మేము చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే. చూపు వేరు, వినికిడి వేరు. మనకు రెండును కలిసి వచ్చును గనుక అందరికిని అట్లే వచ్చునని భ్రమపడుదుము. ఆటిజము గల పెక్కుమంది పిల్లలకు మొగమువంక చూచుటయే ఒక పెద్ద పని. ఆ పనిలో శక్తి యంతయు ఖర్చయినచో పాఠమునకు మిగులదు. తెరమీది పాఠములో ఈ భారము ఇంకను ఎక్కువ. ముప్పది మొగములు, వానిలో తన మొగము, చెదరిన ధ్వని, ఒక్కసారిగా ఆగిపోవు బొమ్మ. వీనినన్నిటిని తగ్గించుటయే మనము చేయదగిన సహాయము.

అటుపిమ్మట మా యింట ఏమేమి మార్చితిమో చెప్పెదము. మీ బిడ్డకు అన్నియు పనికిరాకపోవచ్చును, పనికివచ్చినవి గ్రహింపుడు.

మొదటిది దినపత్రము. రేపు ఏమి జరుగునో నేటి రాత్రియే కాగితముమీద వ్రాసి గోడకు అంటించుట. అక్షరములు రాని బిడ్డకు బొమ్మలు గీయవచ్చును. మా వానికి పంచాంగమిష్టము గనుక ఆ భాషలోనే వ్రాసితిమి. ఉదయము 9-00 లగాయతు 9-30 వరకు లెక్కలు, 9-30 లగాయతు 9-45 వరకు వర్జ్యము, 9-45 లగాయతు 10-15 వరకు తెలుగు, పిమ్మట ఉయ్యాల. వర్జ్యమన్నచోట ఏ పనియు చేయరాదని వానికి తెలియును గనుక ఆ పావుగంట నిశ్చింతగా విశ్రమించెను. అడుగున “నెట్ పోయినచో బొమ్మలు గీయుట” అని మరియొక పంక్తి చేర్చితిమి. అంతకుముందు తరగతి నడుమ నెట్ పోయినప్పుడు వాడు గంటసేపు ఏడ్చెడివాడు. ఆ పంక్తి వ్రాసిన తరువాత ఏడ్పు చాల తగ్గెను. జరుగబోవు దానిని ముందు చెప్పుటలో నున్న బలమట్టిది.

రెండవది చోటు. ప్రతిదినము అదే గది, అదే చాప, అదే మూల. కిటికీకెదురుగా గాక గోడకెదురుగా కూర్చుండబెట్టుట మేలు. పాఠవేళకు ముందే పోపు, మిక్సీ ముగించికొనవలెను. తెరమీద అందరి గడులు గాక ఉపాధ్యాయుని ఒక్క బొమ్మయే కనబడునట్లును, తన మొగము తనకు కనబడకుండునట్లును అమర్చు వీలు కలదు. ఇంటిలో చదువుకొనుచున్న పిల్లల నడిగిన క్షణములో చేసి యిత్తురు. వెలుతురు తగ్గింపుడు. చెవులకు పెట్టు హెడ్‌ఫోనులు కొందరికి హాయి, కొందరికి బాధ, బలవంతము వలదు.

మూడవది శరీరము. వాడు ఊగుట, చేతులు ఆడించుట, గిరగిర తిరుగుట అల్లరి కాదు. తన్ను తాను నిలుపుకొను ఉపాయము. దానిని మాన్పించితిమా, వినుటయు మానును. మా వానికి చేతిలో ఒక మెత్తని బంతినిచ్చి, నిలుచుండి విన్నను తిరుగుచు విన్నను సరేయని చెప్పితిమి.

నాల్గవది ప్రశ్న వేయు పద్ధతి. ఒక్కసారి ఒక్క పనియే చెప్పవలెను. చెప్పిన వెంటనే మరల చెప్పక మనసులో పది లెక్కించి ఆగవలెను. మనము తొందరపడి మరల మరల చెప్పుటచే బిడ్డ ప్రతిసారియు మొదటినుండి ఆలోచింపవలసి వచ్చును. జవాబు నోటితోనే చెప్పవలెనను పట్టు వలదు. పలకమీద వ్రాసి చూపవచ్చును. అవును, కాదు అను రెండు అట్టముక్కలలో ఒకటి యెత్తవచ్చును. ఫోనులో అక్షరములు కొట్టి పంపవచ్చును.

ఈ విషయములన్నియు ఒక కాగితముమీద వ్రాసి, బాలుని మరియొకసారి పరీక్షింపుడని మా వారు పాఠశాలకు పంపిరి. కెమేరా మూసికొనుటకు, జవాబులు వ్రాసి పంపుటకు అనుజ్ఞ లభించెను. మూడవ వారమున ఒకనాడు తరగతి నడుమ మా వాడు ఉపాధ్యాయినికి “వర్జ్యము” అని ఒక్క మాట వ్రాసి పంపి, లేచి ఉయ్యాలవద్దకు పోయెను. ఆమెకేమియు బోధపడక తోడికోడలికి ఫోను చేసిరి. సంగతి విని నవ్వి, “పిల్లలందరకును ఇట్టి వర్జ్యమొకటి యుండిన బాగుండును” అనిరట. మాన్పింపుమన్న ఉపాధ్యాయినియే ఆ మాట యనుట మా తోడికోడలికి కొండంత బలమైనది. మాకు మాత్రము వేరొక తలంపు కలిగెను. మేము గడ్డము పట్టినప్పుడు వానికి “చాలు” అని చెప్పుటకు మాట లేకుండెను. కావుననే కేకయు పంటిగాటును మాటలైనవి. చాలునని చెప్పు మార్గమును బిడ్డకు మొట్టమొదట నేర్పవలెను, పాఠము తరువాత.

కాలపరిమితిని గూర్చియు తెలిసికొనుట మంచిది. 2020 జూలైలో కేంద్ర మానవవనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖవారు ప్రజ్ఞాత యను పేర మార్గదర్శకములు వెలువరించిరి. ఒకటి మొదలు ఎనిమిదవ తరగతివరకు దినమునకు రెండు విడతలు, విడతకు 30 నుండి 45 నిమిషములు మించరాదనియు, అంతకన్న చిన్నపిల్లలకు 30 నిమిషములు చాలుననియు అందు చెప్పిరి. ఇది సామాన్యముగా పిల్లలందరి మాట. శబ్దమునకు, వెలుతురునకు త్వరగా అలసిపోవు బిడ్డకు పది నిమిషముల పాఠమైనను పాఠమే.

తెర పాఠమున మేలును లేకపోలేదు. బడిలోని గోల లేదు. ఏడిపించు పిల్లలు లేరు. పాఠమును నిలిపి మరల మరల వినవచ్చును. బడిలో నోరు మెదపని బిడ్డ ఇంట వ్రాసి జవాబు చెప్పుటయు కలదు. కాని అందరికిని ఇది సరిపడదు. చేయి పట్టి నేర్పవలసిన బిడ్డకు తెర చేయి కాజాలదు. తోడిపిల్లల సాంగత్యమునకు అది బదులును కాదు.

ఆడపిల్లలను గూర్చి ఒక హెచ్చరిక. కొందరు బాలికలు ఇతరులను చూచి అనుకరించుచు, కెమేరా యెదుట నిటారుగా కూర్చుండి, చిరునవ్వుతో పాఠమంతయు గడపుదురు. బుద్ధిమంతురాలని మనము మెచ్చుకొందుము. తరగతి ముగిసినంతనే ఆ పిల్ల మంచముక్రింద దూరి యేడ్చునేని, అన్నము ముట్టదేని, ఆ నిటారుతనమునకు ఎంత వెల చెల్లించుచున్నదో కనుగొనవలెను. ఇట్టి బాలికలకు ఆటిజము కలదని చాల ఆలస్యముగా తెలియుచుండును.

ఇక నిందల మాట. ఒకప్పుడు పాశ్చాత్యదేశములలో కొందరు వైద్యులే, తల్లి ప్రేమ చాలకపోవుటచే బిడ్డకు ఆటిజము వచ్చునని చెప్పి వేలకొలది తల్లులను కుమిలిపోవునట్లు చేసిరి. బెర్నార్డ్ రిమ్లాండ్ అను ఆయన, తాను స్వయముగా అట్టి బాలుని తండ్రి, 1964లో ఒక గ్రంథము వ్రాసి అది శుద్ధతప్పనియు, మూలము శరీరధర్మములో నున్నదనియు వాదించెను. నేటి శాస్త్రజ్ఞులు వంశపారంపర్య కారణములు మిక్కిలి బలమైనవని చెప్పుచున్నారు. మన యిండ్లలో నేడా నింద ఫోను రూపమున వచ్చినది. పసిబిడ్డకు ఫోను అతిగా చూపిన మాటలు ఆలస్యము కావచ్చును, నిద్ర చెడవచ్చును. అది తగ్గించుట మంచిదే. కాని ఫోను చూపినందున ఆటిజము కలిగెనని తల్లిని నిందించుటకు ఆధారము లేదు. మా అత్తగారికి ఈ సంగతి మా వారు విడమరచి చెప్పగా ఆమె ఆ రాత్రి తోడికోడలిని పిలిచి తలకు నూనె రాచిరి. క్షమింపుమని నోట అనలేదు. అనవలసిన పనియు లేకపోయెను.

మరియొక మాట. తెర పాఠము జరుగునంతసేపు బిడ్డ ప్రక్కన ఒకరుండవలెను. ఆ ఒకరు ఎల్లప్పుడును తల్లియే యైనచో ఆమె నిద్రయు, తిండియు, ఓర్పును చెడును. మా యింట వంతులు పెట్టుకొంటిమి. ఉదయము తల్లి, మధ్యాహ్నము మేము, సాయంకాలపు అభ్యాసము తండ్రి. తండ్రి మొదట రానని వెనుకాడెను. దినపత్రములో ఆయన పేరు వ్రాయగా బాలుడే చేయి పట్టుకొని తీసికొనివచ్చెను.

చట్టముకూడ మనకు తోడున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములోని 21 విధముల వైకల్యములలో ఆటిజమొకటి. ధ్రువపత్రము ప్రకారము 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిదేండ్లవరకు ఉచిత విద్య పొందు హక్కు కలదు. పరీక్షలో అదనపు కాలము, వ్రాసిపెట్టువారి సహాయము మొదలగు వసతులను ఆ చట్టమే చెప్పుచున్నది. కావున అడుగుటకు సిగ్గుపడవలదు. మండలములలోని భవిత కేంద్రములలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులుందురు. సికిందరాబాదులోని మనోవికాసనగరున 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థయు ఇట్టి పిల్లల తలిదండ్రులకు సలహా నిచ్చుచున్నది.

ఇప్పుడు జాబు వ్రాసిన సోదరికి మా ప్రత్యుత్తరము. అమ్మా, రెండు వారములు ఒక నోటుపుస్తకము పెట్టుకొనుడు. వాడు తెరవంక చూచెనా లేదాయని వ్రాయవలదు. పాఠములో వచ్చిన మాట గాని, పాట గాని, చేష్ట గాని ఆనాడో మరునాడో వాని యాటలో ఎక్కడైన కనబడెనా యని వ్రాయుడు. స్నానము చేయునప్పుడు, అన్నము తినునప్పుడు చెవియొగ్గుడు. చిన్న గుర్తు కనబడిన పాఠము సాగింపుడు. ఆ పుస్తకమును మీ వారికి చూపుడు. ఏమియు కనబడక, పాఠమనగానే బిడ్డ భయపడుచుండిన, కాలమును పది నిమిషములకు తగ్గింపుమని అడుగుడు. అప్పటికిని భయము తీరనిచో, ఆ శిక్షకురాలిని బిడ్డకు గాక మీకు నేర్పుమని కోరుడు. నేర్చినది ఆటపాటలలో మీరే వానికి నేర్పవచ్చును. దూరమునుండి జరుగు శిక్షణలో ఇది మంచి మార్గము. ఏది చేసినను గడ్డము మాత్రము పట్టవలదు.

మా రాష్ట్రమున 2021 ఆగస్టు 16న పాఠశాలలు మరల తెరచినప్పుడు మా బాలుడు సంచిలో దినపత్రము పెట్టుకొని పోయెను. నేడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నాడు. ఇప్పటికిని మాటలు తక్కువ. ఇప్పటికిని మా మొగమువంక చూడడు. కాని పెద్దమ్మ ఈ శీర్షికకు వ్రాయుటకు కూర్చుండిన వేళ గడపలో నిలిచి, ప్రక్కకు తిరిగి, “వర్జ్యము లేదు, వ్రాయవచ్చును” అని చెప్పి పోవును. ఈ నెలయు అట్లే చెప్పినాడు. గడ్డమును చేతులతో కప్పుకొనుట మాని చాల కాలమైనది.